పక్కింటి పెద్దావిడ ‘కాకా’

ప్లేనోలో మా పక్కింట్లో ఒక జర్మన్ పెద్దావిడ ఉండేది. పెళ్లయి అమెరికా వచ్చాక ఆవిడ ఇంగ్లీషే మాట్లాడిందట. ఒక్కగానొక్క కూతురికి కూడా తన భాష నేర్పలేదు. స్ట్రోక్ వచ్చాక ఆ ఇంగ్లీషంతా పోయి, చిన్నప్పటి జర్మన్ మాటలు నాలుగు మిగిలాయి. చూసుకోవడానికి కూతురు వచ్చి ఉంది.

ఒక శనివారం మావారూ నేనూ మా రెండేళ్ల పాపను తీసుకుని పలకరించడానికి వెళ్లాం. ఆవిడ మావారి వైపు చూసి, “కాకా... కాకా...” అంది.

మావారిది కరీంనగర్. వాళ్లు బాబాయిని కాకా అంటారు. మురిసిపోయి, “చూసినవా, నన్ను కాకా అంటుంది!” అన్నారు.

కూతురేమో కేక్ అడుగుతోందనుకుని ప్లేటులో పెట్టి తెచ్చింది. పెద్దావిడ ప్లేటును తోసేసింది. కళ్ల నిండా నీళ్లు. దుప్పటి అంచును పిడికిట్లో నలిపేస్తోంది. ఆ ముఖం నాకు బాగా తెలుసు. పాపకు డైపర్ మాన్పిస్తున్న రోజులవి. “కక్క వస్తోందా తల్లీ?” అని పొద్దస్తమానం అడిగేదాన్ని.

“బాత్‌రూమ్‌కి వెళ్లాలేమో,” అన్నాను కూతురితో.

ఇద్దరం చెరోవైపు పట్టుకుని తీసుకెళ్లాం. తిరిగొచ్చి పడుకున్నాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

కూతురు కంప్యూటర్‌లో వెతికింది. జర్మనీలో పసిపిల్లలు దొడ్డికి వస్తే కాకా అంటారట. పెద్దవాళ్లు ‘కాకె’ అంటే మాత్రం మోటు మాట, తిట్టు కూడానట. ఆమె ముఖం ఎర్రబడింది. “మా అమ్మ నోట ఇలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.”

“తిట్టు కాదు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న మాటై ఉంటుంది. మా ఇంట్లో పాపా అదే అంటుంది,” అన్నాను. మాంసం తినేవాళ్లను చూసి మావాళ్లు ‘కక్కా ముక్కా’ తింటారంటారనీ, దానికీ దీనికీ సంబంధం లేదనీ చెప్పాను. నవ్వింది. కాసేపటికి నెమ్మదిగా, “అయితే అమ్మ నాకు నేర్పిన మొదటి జర్మన్ మాట ఇదన్నమాట,” అంది.

ఆనాటి నుంచి తనే ముందు “కాకా?” అని అడిగేది. తల్లి తలూపేది, లేదా కాదని జర్మన్‌లో “నైన్” అనేది. ఒక మధ్యాహ్నం కాఫీ ఒంటిమీద ఒలికితే పెద్దావిడ స్పష్టంగా, గట్టిగా “కాకె!” అంది. కూతురు పడీ పడీ నవ్వింది. ఆ నవ్వు చూసి తల్లీ నవ్వింది.

ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది. మరుసటి ఏడాది కూతురు జర్మన్ క్లాసులో చేరింది. వ్యాకరణం ప్రాణం తీస్తోందని ఫోన్ చేసి చెబుతుండేది.