టాపు లేచిపోయిన కారు

ఎండాకాలం నెత్తి మాడిపోయి, వానాకాలం రోడ్డు చెరువైపోయి, మిగిలిన కాలమంతా దుమ్ము రేగే ఊళ్ళో ఉంటూ, పైకప్పు తెరుచుకునే కారు కొన్నవాణ్ణి నేను. ఇందులో ఇంకొకరి తెలివితక్కువతనం గురించి మాట్లాడే ముందు ఆ సంగతి ఒప్పుకోవడం మర్యాద.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఆ రోజుల్లో మెకానిక్కుల మీద కూడా లేదు. కాకపోతే మెకానిక్కులు ఉన్నారని ఒప్పుకునేవాణ్ణి.

తొంభైల చివర్లో జరిగిన సంగతి. మాదాపూర్‌లో అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. చుట్టూ ఇంకా బండరాళ్ళే, వాటి మధ్య తుమ్మచెట్లు. రెండువేల సంవత్సరం వస్తే పాత ప్రోగ్రాములన్నీ తారీఖు తెలియక తికమక పడతాయని ప్రపంచమంతా భయపడుతున్న కాలం. ఆ తారీఖులు సరిచేసే ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. మాది అనంతపురం వైపు. పక్క సీటు శామ్యూల్‌ది తెనాలి. నగరంలో నాకున్న ఒకే ఒక్క స్నేహితుడు.

కారుని టోలీచౌకీలో, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒకాయన ఇంటి ముందు చూశాను. రెండే సీట్లు, ఎడమచేతి స్టీరింగు, వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు, పైన నల్లటి మందపు గుడ్డ టాపు. "జర వైరింగ్ చూపించుకోవాలె, గంతే. ఫికర్ ఏం లేదు," అన్నాడాయన. గుడ్డ టోపీ ఉన్న కారు అంటగట్టి నాకు టోపీ పెట్టారని మా నాన్న ఫోన్లోనే తేల్చేశాడు.

మొదటి నెలల్లో వచ్చిన తంటాలు మామూలువే. కుడివైపు ఇండికేటర్ వేస్తే వైపర్ తిరిగేది. బ్రేకు తొక్కితే రేడియో ఆగేది. మణికొండలో నా అద్దె ఇంటి ముందు ఆదివారాలు ఒక టెస్టర్ బల్బు పట్టుకుని శామ్యూల్, నేను కారు కింద దూరేవాళ్ళం. లోపం చాలావరకు ఎర్తులో ఉందని తేలింది. పాత కార్లలో వైర్లన్నీ చివరికి బాడీకే బిగిస్తారు, అక్కడ తుప్పు పడితే కరెంటు తన దారి తాను వెతుక్కుంటుంది. ఎర్తులు గరుకు కాగితంతో రుద్ది బిగించాం. ఫ్యూజులు మార్చాం. వైపర్ బుద్ధిగా వైపర్ పనే చేయసాగింది.

తర్వాత టాపు మొదలుపెట్టింది.

అది ఎలా పనిచేస్తుందో చెప్పాలి. తాళం చెవి తిప్పి ఉండాలి, హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి, డాష్‌బోర్డు మీది బటన్ నొక్కి పట్టుకోవాలి. అప్పుడు డిక్కీలో ఉన్న పంపు మూలుగుతూ టాపుని లేపి వెనక్కి మడుస్తుంది. మూసేటప్పుడు ముందు అద్దం పైన రెండు కొక్కేలు ఉంటాయి. కారు లోపల కూర్చుని, వాటిని చేత్తో తిప్పి బిగించాలి. తెరిచే ముందు విప్పాలన్నా లోపలినుంచే, బయటినుంచి అందవు.

పొద్దున మూసి, కొక్కేలు బిగించి ఆఫీసు ముందు పెట్టిన కారు, భోజనం వేళకు తెరుచుకుని కనిపించింది. సీట్ల నిండా దుమ్ము. తలుపులు మాత్రం తాళం వేసినవి వేసినట్టే ఉన్నాయి.

"టాపు లేచిపోయింది" అంటే మనవాళ్ళు మెచ్చుకోవడానికి వాడతారు. ఆఫీసులో నేనది ఫిర్యాదుగా చెబితే అందరూ చేతులు కలిపి అభినందించారు.

ఒకసారైతే మరుపు అనుకునేవాణ్ణి. మళ్ళీ జరిగింది. కొన్నాళ్ళు ఊరుకుని మళ్ళీ జరిగింది. ఎప్పుడూ పగలే, ఎప్పుడూ నేను చూడనప్పుడే.

దోషం నాదేనని మొదట సంతోషంగా కనిపెట్టాను. హ్యాండ్ బ్రేకు కింది స్విచ్ చెడిపోయినప్పుడు, కొత్తది దొరికేదాకా అని శామ్యూల్, నేను ఆ రెండు వైర్లూ కలిపి మెలిపెట్టేశాం. మా వృత్తిలో దాన్ని ప్యాచ్ అంటారు. పెట్టడం అందరికీ గుర్తుంటుంది, తీయడం ఎవరికీ గుర్తుండదు. అలాంటి మరిచిపోయిన ప్యాచ్‌లు వెతకడమే మా జీతం. ఇంట్లో మాత్రం మేమూ మరిచిపోయాం. ఆ మెలి తీసేసి కొత్త స్విచ్ పెట్టాను.

టాపు మళ్ళీ తెరుచుకుంది.

కొండాపూర్‌లో యాదగిరి అనే ఆటో ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. చూపించాను. బానెట్టు ఎత్తి, చాలాసేపు ఆలోచించి, బీడీ ఆర్పేశాడు.

"వైరింగ్‌ల ఏం లేదు సార్. గాలి సోకింది బండికి."

"గాలి చక్రాల్లో ఉండాలి యాదగిరీ."

"నవ్వుతరు గని, నిమ్మకాయలు కట్టుండ్రి. నా పైసలు గూడ అడగ."

పైసలు అడగని మెకానిక్ అంటే నాకు వెంటనే అనుమానం వచ్చింది. నా కారు పదేపదే చెడిపోతే లాభం ఎవరికి? కొన్నాళ్ళు అతని దగ్గరికి వెళ్ళడం మానేశాను. టాపు మానలేదు. తర్వాత ఆఫీసు వాచ్‌మన్‌ని అనుమానించి, కిటికీ పక్క సీటు అడిగి తీసుకుని, అతన్ని గమనిస్తూ రెండు ప్రోగ్రాములు పాడుచేశాను. పాపం అతను నా కారు వైపు కన్నెత్తి చూడలేదు.

ఇక మా వృత్తిధర్మం పాటించాను. ఒక్కసారికి ఒక్కటే మార్చు, ఏం జరుగుతుందో చూడు. పంపుకి కరెంటు పంపే రిలే, అగ్గిపెట్టెంత ఉంటుంది, దాన్ని ఊడదీసి జేబులో వేసుకుని ఆఫీసుకి వెళ్ళాను. అది లేకపోతే పంపు తిరగదు. సాయంత్రం వచ్చేసరికి టాపు తెరిచే ఉంది.

అప్పుడు నాకు ఒకటి స్పష్టమైంది. ఇది కరెంటు పని కాదు, మనిషి పని. పంపు పక్కన ఒక మరమేకు ఉంది. దాన్ని వదులు చేస్తే టాపుని చేతులతో మడవచ్చు. కానీ దాన్ని అందుకోవాలంటే డిక్కీ తెరవాలి. తలుపులకీ డిక్కీకీ ఒకటే తాళం చెవి. అలాంటివి రెండే ఉన్నాయి. ఒకటి నా దగ్గర. రెండోది, నేను ఊరెళ్ళినప్పుడు కారు చూసుకోమని ఇచ్చింది, శామ్యూల్ దగ్గర.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. "నీకెందుకురా తలనొప్పి, నాకిచ్చేయ్ కారు," అని అతను సరదాగా అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఈసారి ఒక్కటీ సరదాగా అనిపించలేదు. ఎవరో నాకు ఎర్తు పెడుతున్నారు, ఆ ఎవరో నా పక్క సీట్లోనే ఉన్నారు.

అప్పటికి శామ్యూల్ పెళ్ళికి పది రోజులు కూడా లేదు. చర్చి నుంచి పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ టాపు తీసిన కారులో ఊరేగించాలని మేమిద్దరం ఏడాదిగా అనుకుంటున్నాం. డ్రైవరు నేనే. వాళ్ళిద్దరూ ఒక సీట్లో ఇరుక్కుని కూర్చోవాలి, అందుకు పెళ్ళికూతురు కూడా ఒప్పుకుంది.

నోరు మూసుకుంటే అయిపోయేది. మర్నాడు క్యాంటీన్లో అడిగేశాను.

"రెండో తాళం నీ దగ్గరే ఉంది కదరా?"

"ఉంది. అయితే?"

"రిలే ఊడదీశాక, డిక్కీ తీయకుండా ఆ టాపు లేవదు."

శామ్యూల్ చేతిలో ముద్ద అలాగే ఆగింది. "అంటే, నేను అన్నం మానేసి నీ కారు మూత తీసి ఆడుకుంటున్నానా?"

"నేనలా అనలేదు."

"అన్నావులే. కాస్త లెక్కల భాషలో అన్నావంతే."

జేబులోంచి తాళం తీసి నా ప్లేటు పక్కన పెట్టాడు. "నా పెళ్ళికి నీ కారు వద్దు. నువ్వు రావాలో వద్దో నువ్వే చూసుకో." ఆ రోజు నుంచి పక్క సీట్లోనే కూర్చుని, నాతో పని మాటలు మాత్రమే మాట్లాడాడు. అవి కూడా 'మీరు' అంటూ.

సునీత ఫోన్ చేసింది. పెళ్ళికూతురు, ఒక దవాఖానలో నర్సు.

"అన్నయ్యా, ఆయన అలిగితే అలగనీయండి. కారు మాత్రం తీసుకురండి. మా వార్డులో అందరికీ చెప్పేశాను, ఇప్పుడు ఆటోలో దిగితే నా పరువేం కాను?"

"వాడు ఎక్కుతాడా అమ్మా?"

"నేను ఎక్కితే ఆయన ఎక్కరా?"

వెళ్ళాను. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, అప్పటికీ నా అనుమానం తీరలేదు. స్నేహితుడి పెళ్ళికి వెళ్తున్నవాణ్ణి, రెండు తాళాలూ ఒక జేబులో, ఊడదీసిన రిలే ఇంకో జేబులో వేసుకుని వెళ్ళాను.

చర్చి ప్రగతి నగర్ దగ్గర. పొద్దున ఇంటి దగ్గరే టాపు మడిచి, పంపు పక్కన మరమేకు గట్టిగా బిగించి, డిక్కీకి తాళం వేశాను. చర్చి ఆవరణలో, అందరికీ కనిపించేలా గేటు పక్కన కారు పెట్టాను. సునీత తమ్ముళ్ళు రిబ్బన్లు కట్టి, సీట్ల మీద పూలు చల్లారు. తలుపులు వేసి లోపలికి వెళ్ళాను.

వెనక బెంచీలో కూర్చున్నాను. అందరూ పెళ్ళికూతుర్ని చూస్తుంటే నేను పెళ్ళికొడుకు చేతులు చూస్తూ కూర్చున్నాను. వాక్యం చదివారు, పాటలు పాడారు, ప్రమాణాలు చేయించారు, ఉంగరాలు మార్చుకున్నారు. శామ్యూల్ చేతులు ఒక్క క్షణం నా కళ్ళముందు నుంచి పోలేదు. అంత భక్తిగా ఎవరినీ ఎప్పుడూ చూడలేదు.

పాట మధ్యలో బయట చప్పట్లు వినిపించాయి. బ్యాండు వాళ్ళు సరదా పడుతున్నారనుకున్నాను.

బయటికి వచ్చేసరికి కారు టాపు మూసి ఉంది.

బ్యాండు మేళం పెద్దాయన నవ్వుతూ ఎదురొచ్చాడు. "మస్తుంది సార్ మీ బండి. లోపట కూసొని రిమోట్ నొక్కిన్రా? గొడుగు లెక్క మెల్లగ లేచి మూసుకున్నది. పోరగాండ్లు సప్పట్లు గొట్టిన్రు."

రిమోట్ లేదు. ఆ కాలపు కారుకి అలాంటిదే ఉండదు. ఎవరైనా దగ్గరికి వెళ్ళారా అని అడిగాను. బ్యాండు వాళ్ళు, వంటవాళ్ళు, చెప్పుల దగ్గర కూర్చున్న ముసలావిడ, అందరిదీ ఒకటే మాట. కారు దగ్గర ఎవరూ లేరు. డిక్కీ తాళం వేసే ఉంది. తెరిచి చూశాను. మరమేకు నేను బిగించినట్టే ఉంది. రిలే నా జేబులో ఉంది, చొక్కా పైనుంచి తడిమి చూసుకున్నాను.

తలుపు తీసి లోపలికి వంగి చూశాను. ముందు అద్దం పైన రెండు కొక్కేలూ తిప్పి, గట్టిగా బిగించి ఉన్నాయి. సీటు మీద చల్లిన పూలు చల్లినట్టే ఉన్నాయి. ఎవరైనా కూర్చుని ఉంటే నలిగేవి.

శామ్యూల్ నా వెనకే వచ్చి నిలబడ్డాడు. మెడలో దండ, నుదుట చెమట.

"ఇది కూడా నేనేనా రా?" అన్నాడు.

ఎన్నో రోజుల తర్వాత ఆ 'రా' వినిపించింది.  జేబులోంచి రెండు తాళాలూ, రిలే తీసి అతని చేతిలో పెట్టాను. అతను రిలేని చూసి, నన్ను చూసి, "పెళ్ళికి ఇది తెచ్చావా?" అని నవ్వాడు. నేను క్షమించమని అడిగింది ఆ నవ్వులో సరిగా వినిపించిందో లేదో కానీ, అడిగాను.

"అన్నయ్యా, ఎవరు మూస్తే ఏంటి, ముందు తెరవండి. ఎండ," అంది సునీత.

కొక్కేలు విప్పి, రిలే పెట్టి బటన్ నొక్కితే టాపు కదల్లేదు. మరమేకు వదులు చేసి చేతులతో లాగినా కదల్లేదు. చివరికి అలాగే మూసిన టాపుతో, ముసుగు మడిచి ఒళ్ళో పెట్టుకున్న పెళ్ళికూతురితో, ఎవరికీ కనిపించకుండా ఊరేగాం.

తర్వాత చాలామందికి చెప్పాను. ఎండకి గొట్టాల్లో నూనె ఉబ్బి టాపుని లేపి ఉంటుందని ఒక ఇంజనీరు అన్నాడు. ఉబ్బనీయండి. నూనెకి కొక్కెం తిప్పే వేళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?   అది దయ్యం అని నేననను. మరేమిటంటే ఇన్నేళ్ళయినా చెప్పలేను. యాదగిరి మాత్రం నిమ్మకాయల సంగతి ఇంకోసారి గుర్తుచేశాడు.

ఒకటి మాత్రం చేశాను. పెళ్ళయిన వారానికి యాదగిరి చేత పంపు, గొట్టాలు, కడ్డీలు, గుడ్డ అన్నీ ఊడదీయించాను. ఇక ఆ కారుకి తెరవడానికీ లేదు, మూయడానికీ లేదు. నా మీద వాన పడితే పడనీ అనుకున్నాను. గుడ్డని ఆఫీసు ఎదురుగా మిరపకాయ బజ్జీలు వేసే సత్తెమ్మకి, ఎండకి అడ్డంగా కట్టుకోమని ఇచ్చాను. తాళ్ళతో ఆమె బండి నాలుగు గుంజలకీ నేనే కట్టాను. ఒకటే షరతు పెట్టాను, నూనె కాగే బాండీ సరిగ్గా దాని కిందే ఉండాలని.

"గట్ల వెడ్తె మసి వడ్తది గద సారూ. మంచి గుడ్డ," అంది సత్తెమ్మ.

"పడనీ సత్తెమ్మా."

ఆ బజ్జీల బండి అక్కడున్నన్నాళ్ళూ సాయంత్రాలు శామ్యూల్, నేను దాని కింద నిలబడి బజ్జీలు తిన్నాం. గల్ఫ్ గుడ్డ రోజురోజుకీ నూనె పొగకి జిడ్డు పట్టడం తల ఎత్తి కసిగా చూసుకునేవాణ్ణి. ఆకలి లేకపోయినా, ఇంకో వాయి వేయమని సత్తెమ్మకి చెప్పేవాణ్ణి.