సీసాలక్క కడిగిన బుడ్డి

గోడమీది ఫోటోల్లో మీసాలున్న ప్రతివాడి గురించీ అడుగుతారు గానీ, ఆ మూలనున్న మీ చిన్నమ్మమ్మ ఎవరని ఒక్కరైనా అడిగారా? మీ అందరికీ సిగ్గుండాలి. ఇప్పుడైనా కుదురుగా కూర్చుని వినండి.

ఆవిడ రంగులు చేసే ల్యాబులో గాజుసామాను కడిగేది. బట్టలకద్దే రంగులు కావు. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్కమీద ఒక చుక్క వేసి ఊదా దీపం కింద పెడితే, రోగం ఉన్నచోట మిణుగురుల్లా వెలిగే రంగులు. డాక్టర్లు అది చూసే జబ్బు ఎంతవరకు పాకిందో చెబుతారు. అక్కడంతా ఆవిడని సీసాలక్క అనేవారు. కడిగిన ప్రతి బుడ్డినీ చీకటి అరలో ఆ దీపం కింద తిప్పి చూసేది. సూదిమొనంత మెరుపు కనబడినా మళ్లీ మొదటికి. ఇరవై రెండేళ్లలో ఆవిడ కడిగింది మెరిసిందని అన్నవాళ్లు లేరు.

ఆ రంగు వండాలంటే సరుకు కరగడానికి సాల్వెంట్లని ఘాటైన మందులు డబ్బాలకొద్దీ పొయ్యాలి. అవి కడిగీ కడిగీ ఆవిడ చేతులు పగిలాయి, దగ్గు పట్టుకుంది. ల్యాబు పెద్దాయన చదువుకోవడానికొచ్చిన రోజునుంచీ ఆవిడకి తమ్ముడే. ఆవిడ క్యారేజీలో సగం తిని అంతవాడయ్యాడు.

ఒకరోజు ఇంకా రంగు తేలని సరుకు బుడ్డికి అడుగంటింది. ఇంట్లో మాడిన గిన్నెకి చేసినట్టే వేడినీళ్లు పోసి, చెంచాడు నిమ్మఉప్పు వేసి, సన్నటి సెగమీద ఉంచిందావిడ. గంటాగి దీపం కింద పెడితే నీళ్లు మొత్తం పచ్చగా వెలిగాయి.

"తమ్ముడూ, ఇటు రా. నీ కంపు మందు లేకుండానే ఉడికింది చూడు."

"ఏమేశావక్కా?"

"గిన్నెలు తోమేదే. మీ ఆవిడనడుగు, నీకెక్కడ తెలుస్తుంది."

ఆవిడ చేతే ఏడుసార్లు చేయించాడు. ఏడుసార్లూ వెలిగింది. "దీనిమీద సైన్సు పత్రికకి రాసే పేపర్లో నా పేరు పక్కనే నీ పేరుంటుందక్కా" అన్నాడు. ఆవిడ నమ్మింది. పెళ్లి పత్రికలో తప్ప తన పేరు అచ్చులో చూసుకుని ఎరగదు మరి.

పేపరు అచ్చయింది. ఆఫీసులో టైపు చేసే పిల్ల చదివి అర్థం చెప్పింది. పాడు సాల్వెంట్లు అక్కర్లేకుండా నీళ్లలోనే తయారయ్యే రంగని ఒకటే పొగడ్త. ఆవిడ పేరు లేదు. అదొక్కటే అయితే దిగమింగేది. "సరిగా కడగని పాత్రవల్ల అనుకోకుండా" అని రాసుంది.

తిన్నగా ఆయన గదికి వెళ్లింది.

"నేను సరిగా కడగలేదా తమ్ముడూ?"

"ఎవరో చేశారని రాస్తే ఎవరని అడుగుతారు. పొరపాటని రాస్తే అడగరక్కా. అయినా అది నువ్వేనని ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆవిడ ఆ బుడ్డినే తెచ్చి, ఆయన ఎదుటే కడిగి, లైట్లు ఆర్పి, దీపం కింద తిప్పింది. ఎక్కడా మెరుపు లేదు.

"చూసుకోండి సార్" అంది.

ఆ తర్వాత మళ్లీ తమ్ముడని పిలవలేదు. క్యారేజీ మెట్లమీద ఒక్కతే కూర్చుని తినేది. ల్యాబులో ఘాటు వాసన పోయింది గానీ, ఆవిడ దగ్గు పోలేదు. చివర్లో ఆయన ఆసుపత్రికొచ్చి, మంచం పక్కన నిలబడి "అక్కా" అన్నాడు. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. పోయేనాటికి ఆవిడకి అరవై మూడేళ్లు.