మోర్బెక్ ఎడమ కన్ను

నెబ్రాస్కా మీదుగా పడమటికి పోతున్న బస్సు టిఫిన్లకు ఆగింది. శనివారం పొద్దున. డారిన్ హ్రుస్కా కౌంటరు దగ్గర కూర్చోగానే పైనున్న టీవీలో ఎరిగిన బాకా ఒకటి మోగింది. నోటి దాకా వెళ్లిన పాన్‌కేకు ముక్క అక్కడే ఆగింది. తన చిన్ననాటి కార్టూను ‘వెండిలోయ పిల్లలు’ మళ్లీ వేస్తున్నారు!

ఆ రోజుల్లో శనివారం పొద్దుట ఇల్లు పిల్లల రాజ్యం. పెద్దలు ముసుగుతన్ని పడుకునేవారు. పిల్లలు రాత్రి బట్టలతోనే, పాలు పోసిన తీపి కార్న్‌ఫ్లేక్స్ గిన్నెలు ఒళ్లో పెట్టుకుని, టీవీకి ముక్కు తగిలేంత దగ్గరగా చేరేవారు. లోకంలో అన్నిచోట్లా కథలు చెప్పే అమ్మమ్మ చీకటి పడ్డాక వస్తుంది. వీళ్ల అమ్మమ్మ మాత్రం తెల్లవారాక, అద్దం వెనక నుంచి, రంగుల్లో వచ్చేది.

ఆ కథలో మోర్బెక్ అనే డ్రాగనుకు కుడి కన్ను పసుపు, ఎడమ కన్ను ఆకుపచ్చ. డారిన్‌కూ ఒక కన్ను గోధుమరంగు, ఒకటి నీలం. బడిలో “కుక్కకన్నోడా” అని ఏడిపించేవారు. మోర్బెక్ వచ్చాక ఆ పేరు పోయి మోర్బెక్ అన్న పేరే మిగిలింది. తనలాంటివాడి కోసమే ఎవరో ఆ కన్ను అలా దిద్దారని డారిన్ నమ్మకం. ఎవరితోనూ అనలేదు.

“ఆ ఎడమ కన్ను నా చేతిదే,” అంది పక్క స్టూలు మీది ముసలామె, టీవీలోని డ్రాగను మీంచి చూపు తిప్పకుండా.

“అయిపోయావు నాన్నా!” కాఫీ పోస్తూ నవ్వింది వడ్డించే ఆమె. “వెర్నా చెప్పే ఆ తారుమారు కథ వినకుండా ఈ దారిన ఏ బస్సూ కదల్లేదు.”

“తారుమారా?” అన్నాడు డారిన్.

వెర్నా ఓల్సన్ ఈ ఊరి రైతుబిడ్డే. వయసులో లాస్ ఏంజెలెస్ వెళ్లి కార్టూన్లకు రంగులు వేసింది. పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు మీద ముందువైపు గీతలు, వెనకవైపు రంగు. ఒక రంగు పట్టుకుంటే రేకుల దొంతర అంతటికీ అదే వేసుకుంటూ పోవాలి. తిప్పి చూస్తే గానీ తప్పు తెలియదు.

“ఎడమ కంటికి వచ్చేసరికి, పసుపు డబ్బా అనుకుని కుంచె ఆకుపచ్చదాంట్లో ముంచా,” అంది వెర్నా. “తిప్పేసరికి దొంతరంతా ఆరిపోయింది. ఇంకేం చేస్తారు, అలాగే వేసేశారు.”

డారిన్ పళ్లెం పక్కకు జరిపాడు. ఇన్నేళ్ల నమ్మకం ఒక డబ్బా పొరపాటు! అంతలో ఏదో తట్టింది.

“అది ఒక్క వారం కదమ్మా. తర్వాత వారాలన్నీ?”

వడ్డించే ఆమె చెయ్యి ఆగింది. “అవునే! ఇది మమ్మల్ని ఎప్పుడూ అడగనివ్వలేదే నువ్వు!”

వెర్నా మొదటిసారి అతనివైపు తిరిగింది. కళ్లు చూసింది.

“తర్వాత డబ్బాలు సరిగానే ఉన్నాయి,” అంది మెల్లగా. “రెండూ పసుపైతే వాడు చంపాల్సిన జంతువు, అంతే. ఆ ఆకుపచ్చ పడ్డాక ఎవరో కన్నబిడ్డలా కనబడ్డాడు. మార్చమన్నారు. నాకు చేతులు రాలేదు.”

ఆమె రెండు వేళ్లతో అతని గడ్డం పట్టుకుని, ముఖం కిటికీ వెలుగుకు తిప్పింది. చాలాసేపు చూసింది.

“ఈ నీలం రంగు కలపడం కష్టం,” అంది.

స్టూలు దిగి, టోపీ పెట్టుకుని, తలుపు తోసుకుని ఎండలోకి నడిచిపోయింది.