నాయిన మొక్కుకున్న బరువు

జనగామలో మా నాయినకు బెల్లం దుకాణం ఉండేది. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చిందంటే దుకాణం ముందు నిలబడడానికి చోటు దొరికేది కాదు. సమ్మక్క సారలమ్మలకు మొక్కుకున్నవాళ్లు తమ ఎత్తు బెల్లం ఇస్తారు. మనిషి ఎంత తూగితే అంత. దాన్ని బెల్లం అంటే మా నాయిన ఊరుకునేవాడు కాదు, బంగారం అనాల్సిందే. పెద్ద తరాజులో ఒక పక్క మనిషిని కూర్చోబెట్టి, ఇంకో పక్క ముద్దలు పేర్చేవాడు. ముల్లు సరిగ్గా నిలిచాక కూడా పైన ఇంకో చిన్న ముద్ద వేసేవాడు. "అమ్మల కాడ తూకం తక్కువ కావద్దు" అనేవాడు.

తెలంగాణ కోసం అందరూ రోడ్డెక్కిన రోజుల్లో ఆయనా మొక్కుకున్నాడు, రాష్ట్రం వస్తే తన ఎత్తు బంగారం ఇస్తానని. ఆ రోజే తరాజులో కూర్చుని, తనతో సమంగా తూగిన ముద్దలను సంచుల్లో కట్టించి దుకాణం వెనక గదిలో పెట్టించాడు. బెల్లం పాతబడితే మార్చేవాడు గానీ తూకం మార్చలేదు. అప్పటికి మా నాయిన నిండుగా, బొద్దుగా ఉండేవాడు.

చౌరస్తాలో టెంటు వేసి రిలే నిరాహార దీక్షలు మొదలుపెట్టారు. పొద్దున దండ వేసుకుని కూర్చోవడం, సాయంత్రం నిమ్మరసం తాగి లేవడం, అదీ పద్ధతి. మా నాయిన లేచేవాడు కాదు. వంతు అయిపోయినవాళ్లు ఇళ్లకు పోయి అన్నం తింటుంటే ఈయన రోజుల తరబడి నీళ్ల మీదే ఉండేవాడు. అమ్మ పోయి ఏడిస్తే తప్ప కదిలేవాడు కాదు. అసలే షుగరు మనిషి. నేను భూపాలపల్లిలో టీచర్ని. సమ్మెలో బడులు బంద్ అయి ఇంటికి వచ్చి చూస్తే, చెంపలు లోపలికి పోయి, ఎవరి చొక్కానో తొడుక్కున్నట్టు ఉన్నాడు. "సేటుకు ఎంత పట్టుదల" అని బజారంతా మెచ్చుకుంటోంది. మెచ్చుకునేవాళ్లకేం పోయింది? నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఇంటికి తెచ్చిన మర్నాడే తరాజు ఎక్కాడు. వెనక గది సంచులు అటు పెట్టిస్తే, ఇటు ఆయన గాలిలోకి లేచాడు. ఆ ముఖం నాకింకా కళ్ల ముందే ఉంది.

"మొక్కిన బరువు లేదు బిడ్డా."

"లేకుంటే ఏంది నాయినా? సంచులున్నయి గద, గవే ఇద్దాం."

"గట్లెట్ల? నా ఎత్తు ఇస్తనన్న. అంటే నేను గంత ఉండాలె. లేకుంటే అమ్మల కాడ అబద్ధమాడినట్లు కాదా?"

జీవితమంతా తూకం తప్పని మనిషి. ఆ తూకం ఇప్పుడు తన ఒంటి మీదికి వచ్చింది. నెయ్యి పోసుకుని తిన్నాడు, షుగరు ఉందని తెలిసీ పరమాన్నం తిన్నాడు. పోయిన బరువు కొన్నాళ్లకు తిరిగొచ్చింది. ముల్లు సరిగ్గా నిలిచిన రోజు దుకాణంలో ఉన్నవాళ్లందరికీ చాయ్ తాగించి, మళ్లీ టెంటుకు పోయాడు. మళ్లీ ఎండిపోవడం, మళ్లీ పట్టుబట్టి తినడం. ఉద్యమం నడిచినన్నాళ్లూ మా ఇంట్లో ఇదే నడిచింది. వచ్చిన బరువంతా పొట్టకే వచ్చేది. చేతులు, కాళ్లు మాత్రం సన్నబడుతూనే పోయాయి. కీళ్లు నొస్తున్నాయనేవాడు, కాలికి చిన్న దెబ్బ తగిలినా మానేది కాదు. ఇంత తిని కూడా నీరసమేంటని అమ్మ దిష్టి తీసేది.

మా మేనత్తది మహబూబాబాద్. అక్కడి వ్యాపారులు దీక్షకు పిలిస్తే నాయిన పోయి, టెంటులోనే పడిపోయాడు. దవాఖానలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పాడు.

"తిండి ఆపినప్పుడల్లా ఒళ్లు కరువొచ్చిందనుకుంటదమ్మా. మళ్లీ తినంగనే దొరికింది దొరికినట్టు కొవ్వు చేసి దాచుకుంటది. గిట్ల తగ్గుడు పెరుగుడు ఏండ్ల తరబడి నడిస్తే లోపల సన్నగ మంట రగులుతనే ఉంటదంటరు. పైకి కనపడదు. రక్తనాళాలు, గుండె దాంట్లనే పాడైతయి. దీనివల్లనే అని ఖాయంగ చెప్పలేను, షుగరు గూడ ఉంది. గుండె మాత్రం బాగా అలిసిపోయింది."

ఆ మాట నాయినకు చెప్తే నవ్వాడు. "గుండె అలిసిపోతే పోనీ. బరువు జెప్పు, ఎంత తక్కువుంది?" అన్నాడు. ఇంత మొండి మనిషిని ఏం చేయాలి? కోపంతో బయటికి వచ్చి వరండాలో ఏడ్చాను.

జనగామకు తెచ్చాక ముందు పాదాలు ఉబ్బాయి, తర్వాత పిక్కలు. మందులు వాడుతున్నా పొట్ట బిగిసింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. అయినా ఒక పొద్దున తరాజు ఎక్కించమని పట్టుబట్టాడు. నేనూ అమ్మా చెరో చేయి పట్టుకుని కూర్చోబెట్టాం. ముల్లు కాస్త ఊగి సరిగ్గా మధ్యలో ఆగింది.

"సూడు బిడ్డా!" అన్నాడు. చిన్నపిల్లాడిలా వెలిగిపోయింది ముఖం. "ఏం తినకుండనే నా బరువు నాకచ్చింది. ఇగ తెలంగాణ అచ్చుడే తరువాయి."

అవి నీళ్లు. గుండె తోడలేక ఒంట్లో నిలిచిపోయిన నీళ్లు. నాకు తెలుసు, అమ్మకూ తెలుసు. "అచ్చింది నాయినా" అన్నాను.

రాష్ట్రం రాకముందే పోయాడు.

వచ్చిన రోజు మా బజారంతా పటాకులు కాల్చారు, రంగులు చల్లుకున్నారు. ఎవరో తెచ్చిన మిఠాయి అమ్మ చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. నాకూ సంతోషమే, కాదనను. ఆ సంతోషం చెప్పుకోవాల్సిన మనిషే లేడు.

ఆ తర్వాత వచ్చిన జాతరకు అమ్మ సంచులు బయటికి తీయించింది. మొక్కిన మనిషే లేనప్పుడు ఏ తూకం ఇస్తామని అడిగాను. "ఆయన సెప్పిన తూకమే" అంది. సంచులు భూపాలపల్లికి తెచ్చి, అక్కడి నుంచి జీపులో మేడారం తీసుకుపోయాను. పైన వేయడానికి అమ్మ ఇంకో చిన్న ముద్ద విడిగా చుట్టి ఇచ్చింది.

అమ్మల గద్దెల దగ్గర సంచులు విప్పుతుంటే పక్కనున్న ముసలవ్వ ఆశ్చర్యంగా చూసింది.

"గింత బంగారం ఎవరిది బిడ్డా?"

"మా నాయినది అవ్వా."

"మరి మొక్కినాయన రాలేదా?"

అమ్మ చుట్టి ఇచ్చిన చిన్న ముద్ద పైన పెట్టాను.

"బక్కగైండు అవ్వా" అన్నాను. "జర తిని ఒళ్లు చేసినంక అస్తడు."