నూనె తాగిన చేపపిల్లలు

తొంభైల మొదట్లో నల్గొండ కాలేజీలో జంతుశాస్త్రం డిగ్రీ పూర్తి చేసి, ఇంటికొచ్చి అందరికీ సలహాలివ్వడం మొదలుపెట్టాను. అడిగినవాళ్లకూ ఇచ్చాను, అడగనివాళ్లకూ ఇచ్చాను. వాటిని నమ్మింది నాయిన ఒక్కడే.

నాయినది మగ్గం పని. నడుము నొప్పి భరించలేక అది మానేసి, హాలియా దగ్గర కాలువ కింద ఒక చిన్న కుంట కౌలుకు తీసుకున్నాడు. గోరంత చేపపిల్లల్ని తెచ్చి పెంచి, బెత్తెడు, అంటే నాలుగు వేళ్లంత, పొడుగు కాగానే ఊరి చెరువులో వదిలి పెంచుకునే చేపల సంఘం వాళ్లకు అమ్మాలి. చెరువు నిండేలోపు పిల్లలు ఎదగకపోతే వాళ్లు ఇంకోచోట తెచ్చుకుంటారు. నాయిన మళ్లీ మగ్గం గుంటలోకి దిగాల్సిందే.

తవుడు, నూనె తీయగా మిగిలే పల్లిచెక్క కలిపి మేత వేసేవాడు. అది చూస్తే నాకు నవ్వొచ్చింది. మేతలో కొవ్వు ఉంటే పిల్లలు బాగా ఎదుగుతాయని నా గైడులో ఉంది మరి.

"మేతల నూనె కలుపు నాయినా," అన్నాను.

"ఎంత బిడ్డా?"

ఆ సంగతి తర్వాతి పేజీలో ఉండే ఉంటుంది. పరీక్షకు రాదని నేను ఆ పేజీ చదవలేదు. "ఎంత పోస్తే అంత మంచిది," అన్నాను ధీమాగా.

ఇక చూడాలి వైభోగం. గానుగ నుంచి పల్లినూనె డబ్బా నేరుగా కుంట గట్టుకు వెళ్లేది. మా ఇంట్లో వంకాయలు ఉత్త నీళ్లలో ఉడికేవి. "నీ చాపలకు తాలింపు గూడ పెట్టాల్నా?" అని అమ్మ రోజూ దెప్పేది. చేపపిల్లలు మాత్రం బొద్దుగా తయారయ్యాయి. చూసినవాళ్లంతా మెచ్చుకుంటుంటే నేను గట్టు మీద పెద్ద శాస్త్రవేత్తలా తిరిగాను.

వానలు పడ్డాక సంఘం పెద్దమనిషి వచ్చాడు. బడి మొహం చూడని మనిషి. ఒక చేపపిల్లను నాలుగు వేళ్ల మీద అడ్డంగా పెట్టి చూశాడు. మూడు వేళ్లు కూడా దాటలేదు. ఇంకొకటి చూశాడు, అదీ అంతే. చివరికి ఒకదాని పొట్ట గోటితో చీల్చాడు. లోపలంతా తెల్లటి కొవ్వు.

"నూనె తాగిచ్చిన్రా ఏంది? నూనెతోనే కడుపు నిండితే ఇగ చెక్క ఏం తింటయ్? పొట్టలు పెరిగినయ్, పొడుగు పెరగలే. కావల్సిన నూనె చెక్కలనే ఉంటది గద! గిట్ల పెట్టుమని నీకెవరు జెప్పిన్రు?"

నాయిన నా వైపు చూడనైనా లేదు.

"ఎవ్వరు జెప్పలే అన్నా. నాకే తెల్వక జేసిన."

నేనే చెప్పానని ఒక్క మాట అంటే సరిపోయేది. తెలియని ప్రశ్నకు కూడా రెండు పేజీలు రాసి వచ్చేదాన్ని, ఆ రోజు నోరు పెగల్లేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

సంఘం వాళ్లు వేరే కుంటకు వెళ్లిపోయారు. ఆ వారమే నాయిన మగ్గం దుమ్ము దులిపాడు. నడుము పట్టుకుని మెల్లగా గుంటలోకి దిగి, నా మొహం చూసి, "ఫికర్ జెయ్యకు బిడ్డా. నువ్వు మంచిగనే జెప్పినవ్. గా చాపలే సక్కగ పెరగలే," అన్నాడు.

అవునన్నట్టు తల ఊపాను.