సన్నగీత గీసిన కాలిబాట

మా పటాల ఆఫీసులో అతన్ని అందరూ సన్నగీత అనేవారు. చెయ్యి వణకకుండా, ఎక్కడా తెగకుండా అంత సన్నటి గీత లాగగలవాడు మా అంతస్తులో ఇంకొకడు లేడు. సర్వేవాళ్లు కొండలెక్కి గీసుకొచ్చిన కాగితం మీద ట్రేసింగు కాగితం పరిచి, సిరాతో ఎక్కించడం అతని పని. ఎక్కించింది సరిచూసి మూలన సంతకం పెట్టడం నా పని. ముప్పై ఒక్క ఏళ్లలో తన షీటు ఒక్కటీ దిద్దుబాటుకు వెనక్కి రాలేదని కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు. వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

ఇన్ని కొండలు గీసినవాడు ఒక్క కొండా ఎక్కలేదు. చెట్లు కూడా మొలవని ఎత్తులో మూడు సరస్సులున్న చోటు ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ షీటు గీసింది అతనే. అక్కడికెళ్లి గాలం వెయ్యాలని అతనూ, బస్సు డ్రైవరైన అతని బావమరిదీ తొమ్మిదేళ్లుగా ప్లాను వేస్తున్నారు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల తుడిచి పటం పరిచేవారు, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టేవారు. ఎన్ని జతల మేజోళ్లు కావాలి, అంత చల్లటి నీళ్లలో చేప వానపాముకు పడుతుందా, పిండి ఉండకు పడుతుందా అని తగువులాడుకునేవారు. పనేమీ లేదు కనుక నేనూ వెళ్లి కూర్చునేవాణ్ని.

"మూడో మడుగులో మూరెడేసి చేపలుంటాయట బావా. ఒకటి పొగబెట్టి అక్కకి తెద్దాం."

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అనేది సన్నగీత భార్య. "ముందు ఇద్దరూ ఇల్లు కదలండి. చేప సంగతి తరవాత."

తిట్టినా ఆవిడకు తమ్ముడంటే ప్రాణం. తల్లి పోయినప్పుడు వాడికి ఆరేళ్లు. అప్పటినుంచీ ఆవిడే పెంచింది.

ఈ ఏడు నిజంగానే ముహూర్తం కుదిరింది. రెండు నెలల్లో సన్నగీత రిటైరవుతాడు, ఆ మర్నాడే ప్రయాణం. ఈలోగా బావమరిదికి నాలుగైదు రోజులు సెలవు దొరికింది.

"నీ మోకాళ్లకి ఆ దారి పనికొస్తుందో లేదో ముందు నేను చూసొస్తా బావా," అన్నాడు. "బుధవారం సాయంత్రానికి ఇంట్లో ఉంటా."

పటం మడిచి జేబులో పెట్టుకుని, గాలపు కర్ర భుజాన వేసుకుని శనివారం పొద్దున్నే వెళ్లాడు.

సోమవారం ఆఫీసులో సర్వేవాళ్ల పాత నోటు పుస్తకాలు పెట్టెల్లో సర్దమన్నారు. సన్నగీతకు ఆ సరస్సుల పుస్తకం కనబడింది. చేపల గురించి ఏమైనా రాశారేమో చూద్దామని నవ్వుకుంటూ నా బల్ల దగ్గరకు తెచ్చాడు. ఇద్దరం కలిసే చదివాం. "రెండో సరస్సు నుంచి మూడోదానికి బాట లేదు. వాన నీరు పడే చీలిక ఉంది. మనిషి దిగలేడు."

మా పటాల్లో కాలిబాటకు చిన్న చిన్న గీతలు, ఎండిపోయే వాగుకు చుక్కలు. సర్వేవాళ్ల అసలు కాగితం ఎప్పుడో తడిసి, ఆ చీలికకు పెట్టిన చుక్కలు ఒకదాన్నొకటి అంటుకున్నాయి. సన్నగీత వాటిని గీతలనుకుని ఎక్కించాడు. నేను సరిచూశాను. మూలన సంతకం నాదే.

"కొండ కింద అటవీ చెక్‌పోస్టుకి ఫోన్ చేద్దామా?" అన్నాడు సన్నగీత.

"చేసి ఏం చెబుతావు?"

అతను పుస్తకంలో ఆ వాక్యం మీద వేలు పెట్టాడు. "మన పటం తప్పని చెప్పాలి కదా."

"వాడేమన్నా చిన్నపిల్లాడా? ఇరవై ఏళ్లు బస్సు నడిపినవాడు. దారి లేకపోతే వెనక్కి తిరగడూ?" అన్నాను.

అతను వినాలనుకున్న మాట అదే, నేను అనాలనుకున్నదీ అదే. పుస్తకం పెట్టెలో పెట్టి తాడు కట్టేశాం. మధ్యాహ్నం ఇద్దరం క్యారేజీలు విప్పుకుని తిన్నాం కూడా.

బుధవారం చీకటి పడ్డా వాడు రాలేదు. అప్పుడు ఫోన్ చేశాడు సన్నగీత, ఎక్కడ వెతకాలో కూడా చెప్పాడు. గురువారం మధ్యాహ్నానికి ఆ చీలిక అడుగునే దొరికాడు. కాలు విరిగి ఉంది. గాలపు కర్రను రెండు ముక్కలు చేసి, గాలం దారంతో కాలికి తనే కట్టుకున్నాడట. బిస్కెట్ల పొట్లాలన్నీ ఖాళీ. ఆదివారం పడ్డాడనీ, మంగళవారం రాత్రి దాకా ప్రాణం ఉండి ఉంటుందనీ డాక్టరు చెప్పాడు.

నాలుగు రోజులాగి వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. సన్నగీత అప్పుడే ఆవిడకు చుక్కల సంగతి, గీతల సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. తప్పు ఎలా జరిగిందో ఏదీ దాచలేదు. ఆవిడ ఏడవకుండా చివరిదాకా వింది.

"చేతి తప్పు ఎవరికైనా జరుగుతుంది," అంది. అతను వెక్కి వెక్కి ఏడ్చాడు. చెప్పొద్దూ, నాకూ ప్రాణం కాస్త కుదుటపడింది.

"తప్పని మీకెప్పుడు తెలిసింది?" అంది ఆవిడ.

అతను కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడ మళ్లీ అడిగింది.

"సోమవారం," అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీకు?"

అబద్ధమాడదామనే అనుకున్నాను. నోరు రాలేదు. "సోమవారమేనమ్మా. పక్కనే ఉన్నాను."

ఆవిడ బల్ల మీద చెయ్యి పెట్టింది. తరవాత మొగుడితో మెల్లగా అంది:

"మంగళవారం రాత్రి ఇక్కడే మీకు అన్నం పెట్టాను. వాడు అక్కడ ఏం తింటున్నాడో ఏమో అన్నాను. వాడికేం, ఈపాటికి చేపలు కాల్చుకుని తింటూ ఉంటాడు, ఇంకాస్త వడ్డించు అన్నారు మీరు. నేను వడ్డించాను."

నేను లేచి చెప్పులు వేసుకున్నాను. నన్ను ఆగమని ఎవరూ అనలేదు.