వియ్యంకుడు కోసిన చొక్కా

మా తాత పేరుమోసిన వేటగాడని అమెరికన్ వియ్యంకుడి దగ్గర కోతలు కోయడం నా బుద్ధితక్కువ. ఆయన నమ్మేసి, పెన్సిల్వేనియా అడవిలో తమ కుటుంబం ఏటా చేసే జింకల వేటకు నన్నూ తీసుకెళ్లి తుపాకీ ఇచ్చాడు.

జింక కనబడగానే కంగారుగా కాల్చాను. తూటా అల్లుడి పక్కనున్న చెట్టుకు తగిలింది. మా అమ్మాయి ముఖం గుర్తొచ్చింది. వియ్యంకుడు తుపాకీ లాక్కుని, కత్తి తీసి నా మీదికొచ్చాడు.

“సారీ, సారీ!” అంటూ కళ్లు మూసుకున్నాను. చర్రుమని నా చొక్కా అంచు కోశాడు.

“గురి తప్పితే ఇంతే మామయ్యా, మా ముత్తాత నాటి ఆచారం,” అన్నాడు అల్లుడు.

అతన్ని చూస్తే ఆ తూటా చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

వాళ్లు కొట్టిన జింక మాంసం ఆదివారం నేనే వేపుడు చేశాను.

“కారమా?” అన్నాడు వియ్యంకుడు.

“కొంచెమే,” అన్నాను.

రెండో ముద్దకే ఆయన కళ్లలోకి నీళ్లొచ్చాయి. గ్లాసులోకి మాత్రం నేను కాస్త ఆలస్యంగా పోశాను.